కంప్యూటర్‌కు మన వరుస నేర్పడం ఎలా?

భోజనాల గంట కొట్టగానే కంచాలు పట్టుకొని వరుసలో నిలబడటం మన హాస్టల్‌లో అందరికీ అలవాటే. చిన్న తరగతుల వాళ్లు ముందు, పెద్ద తరగతుల వాళ్లు వెనుక. ఈ వరుస అక్షరక్రమంలో లేదు. గిన్నె అడుగు కనపడేలోపు చిన్నవాళ్లకు కూర అందాలని పెద్దలు పెట్టిన వరుస ఇది. కంప్యూటర్‌కు ఇలాంటి వరుస తనంతట తాను తెలియదు. మనమే చెప్పాలి. చెప్పకపోతే ఏమవుతుందో మేము పొరపాటు చేసి నేర్చుకున్నాం. తమ్ముళ్లకు పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

జరిగిన సంగతి

మేము ఈ హాస్టల్‌లోనే ఆరు నుండి పది దాకా చదివి, ఇప్పుడు ఎం.సి.ఎ. చివరి సంవత్సరంలో ఉన్నాం. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. పోయిన చలికాలం పూర్వ విద్యార్థులు చందాలు వేసుకొని 40 దుప్పట్లు కొన్నారు. పిల్లలు 112 మంది. అందరికీ చాలవు కాబట్టి పెద్దలు కూర్చొని ఒక వరుస నిర్ణయించారు. మొదట తల్లిదండ్రులు లేనివారు, తర్వాత ఒకరే ఉన్నవారు, ఆ తర్వాత దూరపు ఊరివారు, చివర ఇతరులు. కంప్యూటర్ చదువు చదువుతున్నామని జాబితా తీసే పని మాకు అప్పగించారు.

పేర్లన్నీ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో ఎక్కించాం. ఏ పిల్లవాడు ఏ వర్గమో తెలుగు మాటల్లోనే రాశాం. వర్గం ప్రకారం వరుసలో పెట్టి మొదటి 40 పేర్లు ఇమ్మని అడిగాం. కాగితం చక్కగా వచ్చింది. వార్డెన్ గారు పేర్లు చదవడం మొదలుపెట్టారు. సగం అయ్యాక మన కామాటి అవ్వ, "అమ్మానాన్న లేని ఆ ఏడో తరగతి పిల్లోడి పేరు రాలేదేంటి బాబూ?" అని అడిగింది. చూస్తే, కాగితంలోని 40 మందీ 'ఇతరులు' వర్గం వాళ్లే! అందరికంటే ముందు ఉండవలసిన ఆరుగురిలో ఒక్కరి పేరూ లేదు. తల ఎత్తలేకపోయాం. పంపకం మరునాటికి వాయిదా పడింది.

తప్పు ఎక్కడుంది?

డేటాబేస్‌లోని పట్టికకు సొంత వరుస ఉండదు. 1970లో కాడ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన పద్ధతిలోనే పట్టిక అంటే రికార్డుల సమూహం. ఫలితం ఒక వరుసలో రావాలంటే 'ఆర్డర్ బై' అని అడగాలి. అప్పుడు అది అంకెలైతే విలువను బట్టి, మాటలైతే అక్షరాలను బట్టి పేర్చుతుంది. మన వర్గాలను అక్షరక్రమంలో పెట్టి చూడండి: ఇతరులు, ఒకరే ఉన్నవారు, తల్లిదండ్రులు లేనివారు, దూరపు ఊరివారు. 'ఇ' ముందుంది కాబట్టి చివర ఉండవలసినవాళ్లు మొదటికి వచ్చారు. ఇతరులు 59 మంది. దుప్పట్లన్నీ అక్కడే అయిపోయాయి. కంప్యూటర్ మేము అడిగినదే చేసింది. మేము అడిగింది వేరు, మాకు కావలసింది వేరు.

రెండో పొరపాటు

ఆ రాత్రి కూర్చొని 'ఫీల్డ్' అనే ఫంక్షన్ వాడాం. వర్గాల పేర్లు మనకు కావలసిన వరుసలో ఇస్తే, అది మొదటిదానికి 1, రెండోదానికి 2 అని అంకె ఇస్తుంది. చివరివాళ్లను చెప్పకపోయినా వాళ్లే వెనుక వస్తారులే అనుకొని మొదటి మూడు వర్గాలే ఇచ్చాం. మళ్లీ అదే జాబితా వచ్చింది! జాబితాలో లేని మాటకు 'ఫీల్డ్' సున్నా ఇస్తుంది. సున్నా ఒకటి కంటే చిన్నది కాబట్టి ఇతరులు మళ్లీ ముందుకొచ్చారు.

చివరికి 'కేస్' వాడాం. ఈ వర్గమైతే 1, ఇదైతే 2, ఇదైతే 3 అని చెప్పి, 'ఎల్స్' దగ్గర, ఇవేవీ కాకపోతే 99 అన్నాం. 'ఎల్స్' రాయడం మరవకూడదు. రాయకపోతే వచ్చే ఖాళీ విలువను మైఎస్‌క్యూఎల్ అన్నిటికంటే ముందు పెడుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ చివర పెడుతుంది.

ఇక ఒకే వర్గంలో ఎవరు ముందు? తల్లిదండ్రులు లేనివారు 6, ఒకరే ఉన్నవారు 19, మొత్తం 25 మంది. మిగిలిన 15 దుప్పట్లకు దూరపు ఊరివారు 28 మంది ఉన్నారు. చిన్న తరగతివారికి ముందు, తరగతి ఒకటే అయితే అడ్మిషన్ నెంబరు ప్రకారం అన్నారు. ఇక్కడా ఒక చిక్కు వచ్చింది. తరగతిని మాటగా ఎక్కించాం. మాటగా చూస్తే '10' లోని 1 ముందు కాబట్టి పదో తరగతి ఆరో తరగతి కంటే ముందుకొస్తుంది. దాన్ని అంకెగా మార్చాక జాబితా సరిగ్గా వచ్చింది.

లక్షల రికార్డులైతే?

112 మందికి ఏ పద్ధతైనా క్షణంలో పని. లక్షల రికార్డులున్నచోట అలా కాదు. డేటాబేస్‌కు ఇండెక్స్ ఉంటుంది. ముందే వరుసలో పేర్చి ఉంచిన సూచిక అన్నమాట. దాన్నిబట్టి మొదటి 40 తీసుకొని ఆగిపోవచ్చు. కానీ 'కేస్' ఇచ్చే అంకె ఆ సూచికలో ఉండదు. అప్పటికప్పుడు ప్రతి రికార్డూ చదివి, అంకె లెక్కకట్టి, ఆపైన పేర్చాలి. 40 పేర్ల కోసం లక్షల పేర్లు తిరగేయాలి. ప్రశ్న ముందు 'ఎక్స్‌ప్లెయిన్' అని పెడితే మైఎస్‌క్యూఎల్ 'యూజింగ్ ఫైల్‌సార్ట్' అని చూపేది దీన్నే.

దీనికి మార్గాలున్నాయి. వర్గాలకు వేరే చిన్న పట్టిక పెట్టి, ఒక్కొక్క వర్గం పక్కన దాని స్థానం అంకెగా రాయాలి. 1, 2, 3 అని కాకుండా 10, 20, 30 అని ఇస్తే రేపు కొత్త వర్గం మధ్యలో వచ్చినా 15 ఇవ్వొచ్చు. పెద్దల నిర్ణయం మారితే ప్రోగ్రాము ముట్టుకోకుండా ఈ నాలుగు రికార్డులు మారిస్తే చాలు. ఇంకా వేగం కావాలంటే ఆ స్థానాన్ని విద్యార్థి రికార్డులోనే ఉంచి, స్థానం, తరగతి, అడ్మిషన్ నెంబరు మూడింటికీ కలిపి అదే వరుసలో ఇండెక్స్ కట్టాలి. అప్పుడు మొదటి 40 చదివి ఆగుతుంది. అయితే నిర్ణయం మారినప్పుడు అన్ని రికార్డులూ దిద్దాలి. వరుస తరచూ మారేచోట మొదటిది, ఎప్పుడో గాని మారనిచోట రెండోది మేలు. లెక్కకట్టిన విలువకే ఇండెక్స్ కట్టే వీలు పోస్ట్‌గ్రెస్‌లో చాలాకాలంగా ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో 2018లో 8.0.13 తో వచ్చింది.

చివరి మాట

మరునాడు మొదటి దుప్పటి ఆ ఏడో తరగతి తమ్ముడే అందుకున్నాడు. అవ్వ అడిగి ఉండకపోతే ఆ చలికాలం అతను దుప్పటి లేకుండానే పడుకునేవాడు. కంప్యూటర్ కాగితం కదా, తప్పు ఉండదని అందరం నమ్మేవాళ్లం.

తమ్ముళ్లారా! రేపు మీలో కొందరు స్కాలర్‌షిప్పుల జాబితాలు, సీట్ల జాబితాలు తీసే ఉద్యోగాల్లో కూర్చుంటారు. ఉన్నది కొద్దిగా, అడిగేవాళ్లు ఎక్కువగా ఉన్నప్పుడు ఎవరికి అందాలో తేల్చేది వరుసే. జాబితా ఇచ్చే ముందు మొదటి పేరు, చివరి పేరు, గీత కింద మిగిలిపోయిన మొదటి పేరు, ఈ మూడూ చూడండి. మూడో పేరు కాగితం మీద కనపడదు. దాన్ని వెతికి చూడవలసింది మనమే.