కార్డ్‌లెస్ పనిముట్ల బ్యాటరీలు

కార్డ్‌లెస్ పనిముట్లు అనగా బ్యాటరీతో నడిచే డ్రిల్లు, రంపం, గ్రైండరు వంటి చేతి యంత్రాలు. అమెరికాకు చెందిన బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1961లో నికెల్-కాడ్మియం బ్యాటరీతో పనిచేసే డ్రిల్లును విడుదల చేసింది. 2000వ దశకంలో తేలికైన లిథియం-అయాన్ బ్యాటరీలు వాడుకలోకి వచ్చాయి.

ఎంపిక

బ్యాటరీ సామర్థ్యాన్ని ఓల్టులను మాత్రమే చూసి నిర్ణయించరాదు. ఓల్టులను ఆంపియర్-గంటలతో గుణించగా వచ్చే వాట్-గంటలే అందులో నిల్వ ఉండే శక్తి. ఉదాహరణకు 18 ఓల్టుల, 2 ఆంపియర్-గంటల బ్యాటరీలో 36 వాట్-గంటలు, 5 ఆంపియర్-గంటల దానిలో 90 వాట్-గంటల శక్తి ఉంటుంది. రెండవది ఎక్కువసేపు పనిచేస్తుంది కాని బరువు ఎక్కువ. చేతులు పైకెత్తి చేసే పనికి మొదటిదే అనువైనది. "గరిష్ఠం 20 ఓల్టులు" అని ముద్రించినవి కూడా సాధారణంగా 18 ఓల్టుల బ్యాటరీలే. రెండింటిలోను 3.6 ఓల్టుల సెల్‌లు ఐదు వరుసగా ఉంటాయి.

ఒక సంస్థ బ్యాటరీ సాధారణంగా మరొక సంస్థ పనిముట్టుకు అమరదు. కావున మొదట కొన్న బ్యాటరీయే తరువాత కొనే పనిముట్లను, ఛార్జరును నిర్ణయిస్తుంది.

తీగ అవసరమయ్యే పనులు

గంటల తరబడి ఆగకుండా సాగే పనికి నేరుగా విద్యుత్తుతో నడిచే యంత్రమే మేలు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో లక్కబొమ్మల కొరకు అంకుడు కర్రను లేత్‌పై తిప్పే పని ఇటువంటిదే.

జాగ్రత్తలు

ఎండకు వేడెక్కిన బ్యాటరీని చల్లారిన తరువాతనే ఛార్జి చేయాలి. ఉబ్బిన బ్యాటరీ వలన అగ్నిప్రమాదం కలుగవచ్చు కనుక దానిని వాడరాదు, చెత్తలో పడవేయరాదు. భారతదేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీల సేకరణ బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది.