ఇంజనీరు విద్య – ధర్మచింతన



మీ పిల్లలు పెక్కుమంది ఇంజనీరు విద్యకై హైదరాబాదు చేరుచున్నారు. నారాయణగూడలో 2007లో స్థాపింపబడిన కేశవ మెమోరియల్ ఇంజనీరింగు కళాశాల గలదు. ఇట్టి చదువు ముగించినవారిలో అనేకులు సర్కారు కొలువుల పరీక్షలకై అశోక్‌నగరు శిక్షణాలయములలో చేరి, చిక్కడపల్లి గ్రంథాలయమున పుస్తకములు ముందిడుకొని కూర్చుందురు. “మావానికి లెక్కలు బాగుగా వచ్చును” అని మీరు సంతసింతురు. మంచిదే. కాని ఆ లెక్క ఎవరి మేలుకొరకు వేయవలెనో వానికి ఎవరు నేర్పుచున్నారు? నేటి ప్రసంగమునకు విషయ మిదియే.

ఇది మనకు క్రొత్త ప్రశ్న గాదు. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువునకు సంబంధించిన 1369వ సంవత్సరపు శాసన మొకటి గలదు. మంచి చెరువునకు పండ్రెండు అంగములును, ఆరు దోషములును అందు చెప్పబడినవి. అంగములలో మొదటిది ధర్మపరుడైన ప్రభువు. రెండవది జలశాస్త్ర మెరిగిన పండితుడు. గట్టినేల, తియ్యనినీటి నది, పొడవైన రాళ్లు దొరకు గని మున్నగునవి చెప్పి, కడపట నేర్పరులైన పనివారిని చెప్పిరి. ఇక దోషములలో కట్ట ఊట కారుట, చవుటినేల మున్నగువానితోపాటు, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట యొకటి. చూచితిరా! పొలిమేర తగవు మట్టిగుణము గాదు, మనుష్యుల గుణము. అయినను ఆ పెద్దలు రెంటిని ఒకే వరుసను లెక్కించిరి.

ఈ దృష్టితోనే హైదరాబాదు కథ చూడుడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది ప్రాణములను గొన్నది. మరుసటి యేట నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రావించెను. ఆయన నగరములోని గట్లను మాత్రమే చూచి ఊరకుండలేదు. వరద పుట్టిన తావు వెదకెను. ఎగువనున్న 788 చెరువులలో 221 తెగినవని తేలెను. అనగా పల్లెలలోని కట్టలు తెగుటయు నగరమునకు మృత్యుకారణ మాయెను. కావున ఎగువనే జలాశయములు కట్టవలెనని ఆయన సూచించెను. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియై, వరదను ఆపుటయేగాక నగరమునకు త్రాగునీరును ఇచ్చినవి. ప్రశ్నను సరిగా వేసికొనుటయే రూపకల్పనకు మొదటి మెట్టు.

రెండవ దృష్టాంతము ఇటీవలిది. మురుగుకాలువ పూడినచో మనుష్యుని గుంతలోనికి దింపుట చిరకాలపు దురాచారము. ప్రాణాపాయకరమైన ఆ పనిని 2013 నాటి చట్టము నిషేధించినది. కాని పెద్ద యంత్రములు మన ఇరుకుసందులలో దూరవు. 2017లో హైదరాబాదు జలమండలి సందులలో తిరుగగల 70 చిన్న యంత్రబండ్లను ప్రవేశపెట్టెను. దళిత పారిశ్రామిక సంఘము సాయముతో ఆ వర్గమువారికే వానిని నడుపు పని అప్పగించెను. సందు వెడల్పును కొలిచినవాడు, గుంతలో దిగువాని ప్రాణమునుగూడ కొలతలో చేర్చెనన్నమాట.

ఈ సంగతులు నియమములలో లేకపోలేదు. 2014లో మనదేశము వాషింగ్టను ఒడంబడికలో పూర్తి సభ్యత్వము పొందెను. దానికి అనుగుణమైన గుర్తింపు కోరు కళాశాల, తన విద్యార్థులకు శాస్త్రముతోపాటు సమాజదృష్టియు, వృత్తిధర్మమును అబ్బినవని చూపవలెను. 2018లో సాంకేతిక విద్యామండలి వెలువరించిన మాదిరి పాఠ్యప్రణాళికలో మానవ విలువల బోధయు చేర్చబడినది. చిక్కేమనగా, ధర్మమును వేరొక పుస్తకముగా జేసినచో, శిష్యుడు దానిని పరీక్షకై వల్లించి మరచును. బడిపంతులుగా నేనెరుగుదును: నీతిపద్యమును తప్పులేక అప్పగించిన పిల్లవాడే ఆటలో తొండి చేయును.

మరి యెట్లు నేర్పవలెను? హుస్సేన్‌సాగరు మిగులునీటి కాలువ అశోక్‌నగరు, నారాయణగూడ ప్రాంతములగుండ మూసీకి పోవుచున్నది. ఇంతకంటె మంచి పాఠశాల ఏది? గురువు శిష్యులను ఆ గట్టుమీదికి గొనిపోయి, “దీనిని సరిచేయుడు” అనవలెను. వారు వర్షపాతము, వాలు, వెడల్పు లెక్కకట్టుదురుగాక. పిమ్మట గట్టున నివసించువారిని పలుకరింపవలెను. కాలువ వెడల్పు చేసినచో ఎవరి యిల్లు పోవును? ఈవల గోడ యెత్తినచో నీరు ఆవలివారి యింట దూరదా? మనిషి దిగకుండ పూడిక తీయు వీలున్నదా? వీనికి జవాబు లేని పటమునకు, లెక్క సరియైనను, పూర్తి మార్కులు వేయరాదు.

“లెక్కలకే కాలము చాలదు, ఇవి యెక్కడ చెప్పుదుము?” అని కొందరందురు. ఇవి అదనపు పాఠములు గావు. ఆ లెక్కకే రెండవ సగము. అట్లని లెక్కను తేలికగా చూడరాదు. కొలత తప్పినచో దయ యొక్కటే కట్టను నిలుపజాలదు.

సెలవులకు పిల్లవాడు ఇంటికి వచ్చినపుడు ఊరి చెరువుకట్టమీదికి తోడ్కొని పొండు. తూమును, అలుగును చూపి, “ఈ అలుగును జానెడు పెంచినచో ఎవనికి లాభము, ఎవని పొలము మునుగును?” అని యడుగుడు. జవాబు చెప్పకముందు వాడు ఆ పొలముగల రైతును చూడబోయెనేని, మీరు పంపిన రూకలు వృథా కాలేదని నమ్ముడు.