పెరటి బిళ్లగన్నేరులో కేన్సర్ మందు
కషాయం కాచి తాగితే మాత్రం ముప్పే

గుడి ముంగిట, స్మశానం గట్టున, పెరటి గోడ వారన ఎవరూ నాటకుండానే మొలిచి ఏడాది పొడవునా పూచే మొక్క బిళ్లగన్నేరు. ఆకు చేదు కనుక పశువులు ముట్టవు. ఎండకు తట్టుకుంటుంది, నీరు అడగదు. పుట్టిల్లు ఆఫ్రికా పక్కనున్న మడగాస్కర్ ద్వీపం. ఈ మొక్క ఆకుల నుంచి తీసిన రెండు మందులు ప్రపంచమంతటా కేన్సర్ వైద్యంలో వాడుకలో ఉన్నాయి. అవి విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్.

షుగర్ మందు కోసం వెతికితే...

జమైకా దీవిలో చక్కెర వ్యాధికి ఈ ఆకు కషాయం తాగే అలవాటు ఉండేది. 1952లో అక్కడి నుంచి కెనడాలోని డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు ఒక కవరులో 25 ఆకులు అందాయి. ఆయన వాటిని పరిశోధకుడైన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు పంపారు. ఎలుకలకు ఆకు రసం తాగిస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. సూది ద్వారా ఎక్కిస్తే మాత్రం తెల్ల రక్తకణాలు పడిపోయి, రోగాలు సోకి ఎలుకలు చనిపోయాయి.

రక్త కేన్సర్‌లో అవే తెల్లకణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. కనుక ఎలుకలను చంపిన గుణమే మందుకు దారి చూపింది. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958లో విన్‌బ్లాస్టిన్‌ను వేరు చేశారు. విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికా అనుమతి లభించింది. కణం రెండుగా చీలడానికి లోపల అల్లుకునే సన్నని దారాలను ఈ మందులు ఏర్పడనివ్వవు. దాంతో కణం చీలలేక చనిపోతుంది.

భీమవరం బిడ్డ మందు కూడా

పిల్లల రక్త కేన్సర్‌కు ఒక్క మందు చాలదు. విన్‌క్రిస్టిన్‌తో పాటు మెథోట్రెక్సేట్ కూడా ఇస్తారు. ఈ రెండోది మొక్క మందు కాదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధనల ఫలితమది. ఒకప్పుడు ఈ జబ్బు సోకిన పిల్లలు నెలల్లోనే చనిపోయేవారు. నేడు మంచి వసతులున్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా బతికి బయటపడుతున్నారు. చికిత్స రెండు మూడేళ్లు సాగుతుంది. బిడ్డ తేరుకున్నాడని మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

కషాయం ఎందుకు కూడదు?

ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయాలంటే సుమారు 500 కిలోల ఎండుటాకు కావాలి. విన్‌క్రిస్టిన్‌కు ఇంకా ఎక్కువే. రోగికి ఇచ్చేది మిల్లీగ్రాముల లెక్కన, వారానికోసారి, రక్తపరీక్ష చూసుకుని. అది కూడా నరానికి మాత్రమే. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణం పోతుంది. ఇంత జాగ్రత్తగా ఇచ్చినా జుట్టు రాలడం, మలబద్ధకం, వేళ్ల తిమ్మిరి తప్పకపోవచ్చు.

కషాయంలో మందు ఎంత దిగిందో కాచినవారికీ తెలియదు, తాగినవారికీ తెలియదు. కేన్సర్‌ను కుదర్చడానికి అది చాలదు. విషమై వాంతులు, నరాల నీరసం, తెల్లకణాల క్షీణత తేవడానికి మాత్రం చాలవచ్చు. గర్భిణులు అసలే ముట్టరాదు. అంతకు మించిన నష్టం కాలం. పసరు వైద్యంతో గడిచిన ప్రతి నెలా జబ్బు ముదురుతుంది.

పిల్లలకు తగ్గని జ్వరం, ఒళ్లు పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ముందుగా చేయించవలసింది రక్తపరీక్ష. అనుమానం తేలితే హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. బిళ్లగన్నేరు మందు అక్కడ సూదిలో సిద్ధంగా ఉంటుంది.