వాకిలికి కట్టె కొంటున్నారా? నాలుగంచులూ చూడండి

ఇల్లు మొదలుపెడితే సిమెంటు, ఇనుము లెక్కలు మగవాళ్ళు చూసుకుంటారు. వంటింటి గట్టు ఎంత ఎత్తుండాలో మనల్ని అడుగుతారు. కట్టె దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఆచారి చూసుకుంటాడులే" అని అందరం వదిలేస్తాం. తీరా వానాకాలం తలుపు బిగుసుకుపోతే రెండు చేతులా గుంజేది మనం. ఎండాకాలం సందుల్లోంచి దుమ్మొస్తే ఊడ్చేదీ మనమే. కాబట్టి టింబరు డిపోకి మీరు కూడా వెళ్ళండి.

మన కర్నూలు, కడప వైపు పాత మట్టిమిద్దెలకు దూలాలు, దంతెలు పరిచి పైన చవుడు మట్టి వేసేవాళ్ళు. మాను కాస్త వంకరగా ఉన్నా మట్టి సర్దుకునేది. ఇప్పటి ఇటుక గోడల్లో ఆ వీలు లేదు. ద్వారబంధానికి నాలుగు పక్కలా మట్టంగా కోసిన కట్టె కావలసిందే. లేకపోతే రెక్క సరిగా కూర్చోదు, గడియ పడదు.

డిపోలో ముందు చూడవలసింది అంచులు. మాను మధ్యలో ముదురు రంగుగా ఉండేది చేవ. బెరడు కింద తెల్లగా ఉండే భాగానికి ఆ గట్టితనం ఉండదు, చెదలు, పుచ్చు ముందు దాన్నే పడతాయి. దుంగలోంచి ఇంకో ముక్క లాగాలని బెరడు దాకా కోస్తే ఒక అంచు తెల్లగా వస్తుంది, లేదా మూల గుండ్రంగా తరిగిపోయి ఉంటుంది. అలాంటి ముక్కను గోడ వైపు పెడితే కనబడదంటారు. గోడ వైపే కదా చెదలు ఎక్కేది! రంగు పూసి తెల్లదనం కప్పే వాళ్ళూ ఉన్నారు. అనుమానమొస్తే ఒకచోట చిత్రిక పట్టి చూపించమనండి, లోపలి రంగు బయటపడుతుంది.

తర్వాత ముక్క కొస దగ్గర ఒక కన్ను మూసి, పొడుగునా చూడండి. విల్లులా వంగినా, మెలి తిరిగినా అక్కడే తెలిసిపోతుంది. కొసన కనబడే గీతలు కూడా ముఖ్యమే. అవి దాదాపు నిలువు గీతల్లా ఉంటే ఆ పలక నిలకడగా ఉంటుంది. చంద్రవంకల్లా ఉంటే ఆరేకొద్దీ దొప్పలా వంగే గుణం ఎక్కువ. సన్న బెజ్జాల్లోంచి సున్నిపిండిలా పొడి రాలుతుంటే మాత్రం ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు.

ఇక కొలత. కట్టెను ఘనపుటడుగుల్లో అమ్ముతారు. పొడుగు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ హెచ్చించి 144తో భాగిస్తే చాలు. 7 అడుగుల నిలువు కమ్ములు రెండు, మూడున్నర అడుగుల అడ్డ కమ్ములు రెండు కలిపితే 21 అడుగులు. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం అయితే ఒక వాకిలికి సుమారు 2.19 ఘనపుటడుగులు. అదే కట్టె నాలుగు ముప్పావు, రెండు ముప్పావు ఉంటే 1.90 మాత్రమే. ఘనపుటడుగు 3,000 రూపాయలనుకుందాం. ఒక్క వాకిలికి దాదాపు 850 రూపాయలు, ఆరు వాకిళ్ళకు 5,000 పైమాటే! చిత్రిక పడితే కొంత పోవడం న్యాయమే. కానీ ఏ కొలతకు డబ్బు తీసుకుంటున్నారో ముందే అడగాలి. టేపు మీరే పట్టుకోండి, మొహమాటం వద్దు.

ఏ కట్టె కొనాలంటారా? టేకు ఆరినప్పుడు తక్కువ కుదించుకుపోతుంది, అందుకే దానికంత పేరు. మన నల్లమల 1983లో పులుల సంరక్షణ కిందికి వెళ్ళింది. బర్మా కూడా 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు డిపోల్లో బల్లార్షా టేకుతో పాటు ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల టేకు కూడా ఉంటుంది. చిన్న వయసులో కొట్టిన తోట మానుకు తెల్లభాగం పాలు ఎక్కువ. టేకు అన్న పేరు చూసి మురిసిపోకుండా అంచులు చూడమనేది అందుకే. అంత పెట్టలేకపోతే చేవ పట్టిన వేప ద్వారబంధానికి బాగానే పనికొస్తుంది. నల్లమద్ది గట్టిదే గానీ బాగా ఆరకపోతే పగులుతుంది. మన కడప కొండల ఎర్రచందనం చవగ్గా ఇప్పిస్తామని ఎవరైనా చెవిలో చెబితే ఆ గడప తొక్కకండి, జైలు పాలవుతారు.

నన్నడిగితే పాత మిద్దె దూలాలంత మంచి బేరం లేదు. ఏళ్ళ తరబడి ఆరిన కట్టె, ఇంక వంగేదేమీ ఉండదు. సుత్తితో తడితే ఖంగుమనాలి, బొద్దుగా పలికితే లోపల పొల్లు. గోడలో దూరిన కొసను స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి, చెద ముందు పట్టేది అక్కడే. మేకులన్నీ పీకించాకే కోత మిల్లుకు పంపాలి, లేకపోతే రంపం పళ్ళు పోతాయని మిల్లువాళ్ళు కోయరు.

పచ్చి కట్టెకి మన ఎండ శత్రువు. పలక అంగుళం మందం ఉంటే ఆరడానికి ఏడాది అని పెద్దల లెక్క. కొన్న కట్టెను నేల మీద పడెయ్యకుండా, మధ్యమధ్య సన్న బద్దలు పెట్టి నీడలో పేర్చండి. కొసలకు పెయింటు పూస్తే పగుళ్ళు తగ్గుతాయి. ద్వారబంధం బిగించాక మూల నుంచి మూలకి రెండు వైపులా దారం పట్టి చూడండి. రెండు దారాలూ ఒకే పొడుగుంటేనే మట్టం కుదిరినట్టు. తేడా ఉంటే సిమెంటు గట్టిపడకముందే చెప్పాలి.

కోతలో మిగిలిన ముక్కలను ఆచారి పొయ్యిలోకి పంపకుండా చూసుకోండి. అడుగు వెడల్పున్న చేవ ముక్క చక్కటి చపాతీ పీట అవుతుంది.