మంచు పడని మంచుయుగము

"నీలగిరులపై హిమానీనదములు పారిన జాడయే లేదు గదా, అక్కడి పక్షుల జన్యువులలో మంచుయుగపు చరిత్రను వెదకుట ఎట్లు పొసగును?" అని గుంటూరు పాఠకుడొకరు అడిగినారు. ఇంత చక్కని ఆక్షేపణకు బదులు చెప్పక విడుచుట నా తరము గాదు.

గత 26 లక్షల సంవత్సరములలో భూగోళము పలుమార్లు చల్లబడి, మరల వెచ్చబడినది. కడపటి శైత్యము దాదాపు 20,000 ఏండ్ల క్రిందట పరాకాష్ఠ నందెను. ఉత్తరఖండములపై అప్పుడు మంచు పేరుకొనినది. దక్షిణభారతమునకు మాత్రము అది అనావృష్టి రూపమున దాపురించెను. ఋతుపవనములు సన్నగిల్లుటతో తేమ లేనిదే బ్రదుకజాలని, షోలాలనబడు ఎత్తుకొండల అడవులు కొండమడతలలోనికి ముడుచుకొనిపోయెను.

దీనికి సాక్ష్యము నీలగిరుల చిత్తడినేలలలో ఉన్నది. అచట సగము కుళ్ళిన ఆకులలములు వేల యేండ్లుగా పొరలు పొరలుగా నిలిచియున్నవి. చెట్లును, ఉష్ణదేశపు గడ్డిజాతులలో పెక్కులును గాలి నుండి కార్బన్‌ను గ్రహించు పద్ధతులు వేఱగుటచే, బరువైన కార్బన్-13 పాలు అట్టి గడ్డిలో హెచ్చుగా నుండును. 1993లో శాస్త్రజ్ఞులైన సుకుమార్, రమేశ్, పంత్, రాజగోపాలన్ గారలు ఈ పొరలను పరీక్షించి, శైత్యకాలమున శుష్కదేశపు గడ్డి ప్రబలియుండెనని ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. షోలాల నడుమ నున్న పచ్చికబయళ్ళన్నియు మానవుడు అడవిని నరికి తగులబెట్టగా ఏర్పడినవేయని వాదించిన అటవీశాస్త్రజ్ఞులకు ఆ బురద చెప్పిన సమాధానము ఇంతకంటె సూటిగా నుండజాలదు.

ఇక నన్ను ముగ్ధుని జేసిన విషయమునకు వత్తును. అడవి ముక్కలైనపుడు అందలి పక్షులును చిన్న చిన్న గుంపులుగా చీలును. రంగురంగుల చిక్కుడుగింజల గంప నుండి కన్నులు మూసికొని గుప్పెడు తీసినచో కొన్ని రంగులు చేతికి రానే రావు. అట్లే ప్రతి గుంపును పూర్వపు వైవిధ్యములో ఏదో కొంత పాలు మాత్రమే దక్కించుకొనును. ఆపై గుంపు ఎంత చిన్నదైన, కేవల యాదృచ్ఛికముగా జన్యురూపములు తరతరమునకు అంత త్వరగా అంతరించును. దీనినే జన్యు విస్థాపనమందురు. మరియొకవంక, ఒక గుంపులో పుట్టిన ఉత్పరివర్తనము వేఱొక గుంపును చేరజాలదు. వర్షములు తిరిగివచ్చి అడవులు కలిసినచో రక్తములును కలియును. కలియకున్నచో భేదము పెరిగి పెరిగి తుదకు జాతిభేదమే యగును.

ఈ కొండల వరుసను నీలగిరులకు దక్షిణమున చీల్చు పాలక్కాడు కనుమ దాదాపు 30 కిలోమీటర్ల వెడల్పు గల పల్లము. అది కోట్ల సంవత్సరముల నాటిది. పక్షులను విభజించినది కనుమ యొక్కటియే యైనచో, దానికి ఇరువంకల పక్షులన్నియు ఏనాడో ఒక్కమారే వేఱుపడవలసినది. కాని రాబిన్ ప్రభృతులైన శాస్త్రజ్ఞులు 2015లో 23 జాతుల కొండపక్షులను పరిశీలింపగా, 10 జాతులలో అతిప్రాచీనమగు చీలిక ఈ కనుమ కడనే కనబడెను. వానిలో కొన్నింట ఇరుకైన లోయల కడ తరువాతి కాలపు చీలికలును కలవు. కాలములు మాత్రము జాతిజాతికి వేఱు, అందును అధికభాగము మంచుయుగములలోనివే. కావున కనుమ గోడ వంటిది గాదు. వాతావరణము మూయుచు తెఱచుచు వచ్చిన ద్వారము. లోయ ఎంత ఇరుకైనదో ఆ ద్వారము అంత తఱచుగా తెఱువబడినది.

నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ 1844లో వర్ణించిన నీలగిరి నీలిపక్షి కథ దీనికి నిదర్శనము. తరువాతి పండితులు దానిని, కనుమకు దక్షిణమున నుండు తెల్లపొట్ట పక్షిని ఒక్కజాతిగా కలిపి, పొట్టిరెక్కల పక్షుల ప్రజాతిలో చేర్చిరి. జన్యుపరీక్షలో పొట్టిరెక్కల పక్షులతో బంధుత్వమే అసత్యమని తేలెను. 2017లో ఆ రెండును వేఱు జాతులుగా ‘షోలికోల’ యను క్రొత్త ప్రజాతిలో చేర్పబడి, చెంగోట కనుమకు దక్షిణమునున్న అషాంబు కొండలలో మూడవ జాతియు గుర్తింపబడెను.

దీనివలన ప్రయోజనమేమని అడుగువారికి ఒక్కటే మనవి. ఆ ప్రాచీనమైన పచ్చికబయళ్ళను "బంజరులు" అని తలచి, ఆస్ట్రేలియా నుండి తెచ్చిన వాటిల్, యూకలిప్టస్ చెట్లను వానిపై నాటిన పాలకులకు ఈ శాస్త్రము ముందే తెలిసియున్నచో ఎంత బాగుండెడిది! ఇక భూమి వేడెక్కినకొలది ఈ జాతులు పైపైకి జరుగవలసియుండును. నీలగిరులలో మిక్కిలి ఎత్తైన దొడ్డబెట్ట శిఖరము 2,637 మీటర్లతో ముగిసినది.