భయము లేని ప్రసవము

తెలంగాణ జిల్లాలనుండి మరమగ్గముల పనికై సూరత్ చేరిన నేతకుటుంబములు లింబాయత్ ప్రాంతమున పెక్కు గలవు. తొలికాన్పునకు పుట్టింటికి పోవుట మన ఆచారము. అయినను అంతదూరము ప్రయాణింపలేని గర్భిణులు అచటనే ప్రసవింతురు. తల్లి చెంత లేదన్న దిగులు, భాష రాదన్న బెరుకు నొప్పిని ఇనుమడింపజేయును.

భయపడినపుడు దేహము బిగియును. బిగిసినకొలది బాధ హెచ్చును. ఆంగ్ల వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1942లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతిని వివరించెను.

కనుక మత్తుమందు లేకయే కనగోరు స్త్రీ కొన్ని సాధనములను ముందే అభ్యసింపవలెను. నొప్పి వచ్చినపుడు నెమ్మదిగా ఊపిరి తీసి విడువవలెను. రెండు నొప్పుల నడుమ ఒడలు సడలించి విశ్రమింపవలెను. వెల్లకిల పరుండుటకంటె నడచుట, కూర్చుండుట, ప్రక్కకు ఒరిగి పరుండుట మేలు. నడుము మర్దనము హాయినిచ్చును. ప్రసవవేళ తల్లి కోరిన తోడు చెంతనుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసెను. ఆ తోడు గుజరాతీ గాని హిందీ గాని ఎరిగినవారైనచో మరింత మేలు.

ఇట్లని ఇంటిలో కనరాదు, ఆసుపత్రికే పోవలెను. 2011 నుండి ప్రభుత్వ వైద్యశాలలలో కాన్పు, శస్త్రచికిత్సతో సహా, ఉచితము. రక్తస్రావము, మూర్ఛ, తీవ్రమైన తలనొప్పి, శిశువు కదలిక తగ్గుట కనిపించిన తక్షణమే 108కి ఫోను చేయవలెను.

నొప్పి ఓర్వరానిదైనచో మందు కోరుట అవమానము కాదు. తల్లియు బిడ్డయు క్షేమముగా ఇల్లు చేరుటయే సుఖప్రసవము.