‘మొదలైనది’ ఎప్పుడు? ‘రుజువైనది’ ఎవరికి?

భిలాయి ఉక్కు కర్మాగారం ఎప్పుడు మొదలైంది? పాఠశాలలో జరుగనున్న వ్యాసరచన పోటీకి సిద్ధపడుతూ మా మనుమరాలు ఒక సాయంకాలం నన్ను అడిగిన ప్రశ్న ఇది. “తాతయ్యా, ఒక ఆంగ్ల పుస్తకంలో 1955 అని ఉంది, ఇంకొక దానిలో 1959 అని ఉంది. ఏది తప్పు?” అన్నది. రెండూ ఒప్పేననీ, ఆ రెండు వాక్యాలలోని క్రియాపదాలు మాత్రమే వేరనీ నచ్చజెప్పడానికి నాకు అరగంట పట్టింది. ముప్పైయేళ్లకు పైగా ఫైళ్లలో ఆంగ్లం వ్రాసిన నాకు కూడా ఆ అరగంటలో కొన్ని సంగతులు క్రొత్తగా తోచినవి.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కర్మాగార నిర్మాణానికి ఒప్పందం కుదిరింది. మొదటి పుస్తకం ఆ సంవత్సరానికి ‘ఎస్టాబ్లిష్’ అనే క్రియను వాడింది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. రెండవ పుస్తకం దీనికి ‘ఇనాగరేట్’ అన్నది. తెలుగులో రెండింటినీ ‘ప్రారంభం’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకొనే అలవాటు ఉండబట్టే పిల్లకు చిక్కు వచ్చింది.

ఈ చిక్కు పాతకాలానిదే అనుకోనవసరం లేదు. మన ఎనిమిదవ బ్లాస్ట్ ఫర్నేసు ‘మహామాయ’ను 2018 ఫిబ్రవరి 2న ‘బ్లో ఇన్’ చేశారు, అనగా కొలిమిలోనికి వేడిగాలి ఊదడం ఆరంభించారు. ఒప్పందం కుదిరిన తేదీకే, సరిగ్గా 63 ఏళ్ల తరువాత! ఆధునికీకరించి విస్తరించిన కర్మాగారాన్ని ప్రధానమంత్రి జాతికి అంకితం చేసినది అదే సంవత్సరం జూన్ 14న. ఆ రోజుననే భిలాయి ఐ.ఐ.టి.కి శంకుస్థాపన కూడా జరిగింది. కాని ఆ విద్యాసంస్థ 2016లోనే ఏర్పడి, రాయపూర్‌లోని తాత్కాలిక ప్రాంగణంలో పాఠాలు చెబుతూనే ఉన్నది. శాశ్వత ప్రాంగణం అంకితమైనది 2024 ఫిబ్రవరి 20న. ఐ.ఐ.టి. ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే, ముందుగా “ఏ క్రియతో?” అని మనం ఎదురు ప్రశ్న వేయవలసి ఉంటుంది.

కర్మాగారంలో అన్నింటికంటె ఎక్కువగా వినిపించే మాట ‘కమిషన్’. యంత్రాన్ని అమర్చి, చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి నడిపి చూచి, లోపాలు సవరించి, ఉత్పత్తికి అప్పగించడమే కమిషన్ చేయడం. రిబ్బను కత్తిరించడంతో దానికి సంబంధం లేదు. ఇంట్లో క్రొత్త గీజరు బిగిస్తే “కమిషన్ అయిందా?” అని ప్రక్క క్వార్టరు వారు పలకరించే ఊరు మనది.

‘స్టార్ట్’, ‘బిగిన్’, ‘కమెన్స్’ మూడూ ఒకటే అనుకొనేవారు మనలో చాలామంది. కాని మోటారు ‘స్టార్ట్’ మాత్రమే అవుతుంది. ‘బిగిన్’ కాదు, ‘కమెన్స్’ అంతకంటె కాదు. స్టార్ట్ అనే మాటకు పూర్వార్థం ఒక్కసారిగా ఎగిరిపడడం. ఉలిక్కిపడడాన్ని తెలిపే ‘స్టార్టిల్’ దాని చుట్టమే. పాత మోటారు కదిలేటప్పటి కుదుపు చూచినవారికి ఆ మాటలోని ఔచిత్యం తెలుస్తుంది. ‘కమెన్స్’ కాగితాల మీది మాట. ఒప్పందపు గడువు, చట్టపు అమలు కమెన్స్ అవుతాయి. షిఫ్టు లాగ్‌బుక్కులో “ఆరు గంటలకు పంపు కమెన్స్ అయినది” అని వ్రాస్తే తప్పు పట్టేవారు ఉండకపోవచ్చు గాని, పంచె కట్టి పైన కోటు తొడిగినట్లుంటుంది. ఇక ‘ఇనిషియేట్’ చేసినవాడు మొదటి అడుగు వేస్తాడు, తక్కిన నడక తరచు ఇతరులది. మన ఫైళ్లకు ఇంతకంటె తగిన క్రియ లేదు.

‘ఇనాగరేట్’ కథ మనవారికి నచ్చుతుంది. ప్రాచీన రోమునగరంలో పక్షుల గమనం చూచి శకునం చెప్పే పురోహితులను ‘ఆగర్’లు అనేవారు. వారి అనుమతితో పని ఆరంభించడమే ఆ మాటకు మూలార్థం. ముహూర్తం చూడనిదే కొబ్బరికాయ కొట్టని మనకు దీనిని అనువదించవలసిన అవసరమే లేదు.

ఉక్కునగరవాసులకు ఇంకా దగ్గరి మాట ‘ఫౌండ్’. ఆంగ్లంలో ఈ రూపంతో రెండు వేరువేరు క్రియలున్నాయి. ఒకటి అడుగుభాగం అనే అర్థం గల లాటిన్ పదం నుండి వచ్చి పునాది వేయుట అనే భావం ఇస్తుంది. రెండవది పోయుట, కరిగించుట అనే అర్థం గల వేరొక లాటిన్ క్రియ నుండి వచ్చింది. మన ‘ఫౌండ్రీ’ దాని సంతానమే. సంస్థకు పునాది వేసినవాడూ, కరిగిన లోహాన్ని అచ్చులో పోసినవాడూ ఆంగ్లంలో ‘ఫౌండరే’. మా మనుమరాలికి అన్నింటికంటె నచ్చినది ఇదే.

అసలు కష్టం ‘ఎస్టాబ్లిష్’ దగ్గర వస్తుంది. స్థిరమైనది అనే అర్థం గల లాటిన్ పదం దాని మూలం. అందుచేత సంస్థను నెలకొల్పడానికీ అదే, ఒక విషయాన్ని నిరూపించడానికీ అదే. ఇది ఆంగ్లేయుల చాపల్యం కాదు. చరక సంహితలోని విమానస్థానంలో వాదమార్గాన్ని వివరించేచోట, హేతువుతో, దృష్టాంతంతో ప్రతిజ్ఞను నిలబెట్టడాన్ని ‘స్థాపన’ అన్నారు. ప్రతిపక్షి చేసే ఎదురు నిరూపణ ‘ప్రతిష్ఠాపన’. వాడుక తెలుగులో మనం స్థాపనను సంస్థలకు, విగ్రహాలకు మిగిల్చి, వాదాలకు ‘నిరూపణ’, ‘రుజువు’ వాడుకొంటున్నాము. ఆ విధంగా తెలుగే ఇక్కడ ఎక్కువ స్పష్టమైనదని నా అభిప్రాయం.

‘ప్రూవ్’ అనే మాటకు పరీక్షించుట అనే అర్థం కూడా పూర్వం నుండి ఉన్నది. క్రొత్తగా చేరినవారి ‘ప్రొబేషన్’ ఆ పరీక్ష అర్థాన్నే నేటికీ మోస్తున్నది. పరీక్ష ముందు, ఫలితం తరువాత. ఈ వరుస తారుమారైతే ఏమి జరుగుతుందో మా దగ్గరి బంధువు ఒకరికి అనుభవంలోకి వచ్చింది. వేరొక ఊరిలో, వేరొక సంస్థలో ఆయన సామాన్ల గిడ్డంగి చూచేవారు. సరుకు తక్కువ వచ్చిందని ఒకనాడు ఆయనకు ఆరోపణ పత్రం ఇచ్చారు. విచారణ ఇంకా ఇనిషియేట్ కానేలేదు. పత్రంలో మాత్రం ఆయన తప్పు ‘ఎస్టాబ్లిష్డ్’ అని ఉన్నది. వ్రాసిన గుమాస్తాకు దురుద్దేశం ఉండి ఉండదు, బరువైన మాట కదా అని వాడి ఉంటాడు. కాని ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

ఇటువంటి విషయం సుప్రీంకోర్టు వరకూ వెళ్లిన సందర్భం ఉన్నది. ఓరిక్స్ ఫిషరీస్ అనే సముద్రాహార ఎగుమతి సంస్థకు ఇచ్చిన సంజాయిషీ నోటీసులోనే, లోపం నిస్సందేహంగా రుజువైనదని వ్రాశారు. జవాబు వినకముందే నిర్ణయానికి వచ్చినట్లు ఆ మాట తెలుపుతున్నదని 2010లో న్యాయస్థానం ఆ నోటీసును కొట్టివేసింది. ‘అలెజ్డ్’ అని వ్రాయవలసిన చోట ‘ప్రూవ్డ్’ అని వ్రాసినందుకు చెల్లించిన మూల్యం అది.

మా బంధువు కూడా తన సంజాయిషీలో ఆ ఒక్క మాటనే ఎత్తిచూపారు. సవరించిన పత్రం వచ్చింది, విచారణ నెలల తరబడి సాగింది. శాఖాపరమైన విచారణలో నేరన్యాయస్థానంలో వలె సందేహానికి తావులేని రుజువు అక్కరలేదు. ఏది ఎక్కువ సంభవమో చూస్తే చాలు. అయినా సాక్ష్యం నిలువలేదు. నివేదికలో ‘నాట్ ప్రూవ్డ్’ అని వ్రాశారు. 1872 నాటి సాక్ష్య చట్టం ‘ప్రూవ్డ్’, ‘డిస్‌ప్రూవ్డ్’, ‘నాట్ ప్రూవ్డ్’ అని మూడు మాటలకు విడివిడిగా అర్థం చెప్పింది. 2024 జులై 1 నుండి దాని స్థానంలో అమలైన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ మూడూ అలాగే ఉన్నాయి. మూడవ మాటకు అర్థం, నిజమనీ తేలలేదు, అబద్ధమనీ తేలలేదు అని.

ఉద్యోగం నిలిచినందుకు అందరూ సంతోషించారు. ఆయన మాత్రం ఆ కాగితం నాకు చూపించి, “బావా, ఇక్కడ ‘డిస్‌ప్రూవ్డ్’ అని వ్రాయించడానికి వీలుంటుందా?” అని అడిగారు. వీలు లేదని చెప్పవలసి వచ్చింది. పదవీవిరమణ చేసి చాలాకాలమైనా ఆ కాగితాన్ని ఆయన ఇంకా దాచి ఉంచారు.